కొనే ముందు కనుక్కోండి

పెట్రోలు మీటరు ముల్లు సరిగా తిరగకపోతే చాలామంది ముందు మీటరు కొంటారు. దాంతో బాగుపడకపోతే ట్యాంకులో ఉండే ఫ్లోటు యూనిట్ కొంటారు. అదీ కాకపోతే వైరింగంతా మార్పిస్తారు. ఇన్ని మార్చాక ఎక్కడో ఒకచోట ముల్లు కదులుతుంది. బండి బాగైంది గాని, ఏం చెడిందో మాత్రం తెలియలేదు. మళ్ళీ చెడితే మళ్ళీ అదే వరస. ఇంట్లో నీళ్ళ మోటారు ఆగినా, పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గినా, కొట్లో బేరాలు పడిపోయినా మనం చాలాసార్లు చేసేది ఇదే. కారణం తెలియకముందే కొత్త మోటారు, కొత్త ట్యూషను, కొత్త బోర్డు.

ఈ అలవాటు ఉపన్యాసాలు వింటే పోదు. చేత్తో చేసి చూసే పని ఒకటి కావాలి. పాత పికప్ ట్రక్కులో పెట్రోలు మీటరు అందుకు చాలా మంచి బడి. అందులో ఉన్నవి నాలుగే: డాష్‌బోర్డులో మీటరు, ట్యాంకులో యూనిట్, ఆ రెంటినీ కలిపే ఒక వైరు, ఎర్తు. మధ్యలో కంప్యూటరు లేదు. ప్రతి భాగాన్నీ విడిగా అడగవచ్చు, అడిగితే అది సూటిగా జవాబు చెబుతుంది. అడగడం ఎలాగో ఇక్కడ నేర్చుకున్నవాడు ఇంకోచోట కూడా అలాగే అడుగుతాడని నా గట్టి నమ్మకం.

ఉదాహరణకు ఒక బండినే పట్టుకుందాం. 1967 నుంచి 1972 దాకా జనరల్ మోటార్స్ తయారుచేసిన షెవర్లే సి10. అమెరికా పల్లెల్లో గడ్డిమోపులూ సిమెంటు బస్తాలూ మోసిన బండి ఇది. ఇవాళ అదే బండిని తుడిచి, రంగు వేసి, అపురూపంగా చూసుకునేవాళ్ళు అక్కడ ఎందరో. దీని పెట్రోలు ట్యాంకు వెనక తొట్టి కింద ఉండదు. క్యాబిన్ లోపలే, సీటు వెనకాలే నిలబడి ఉంటుంది. 1973లో వచ్చిన కొత్త మోడల్‌తోనే ట్యాంకు క్యాబిన్ బయటికి వెళ్ళింది. పరీక్షలకు ఇది సౌకర్యం, బండి కిందికి దూరనక్కర్లేదు. అదే ప్రమాదం కూడా, పెట్రోలు ఆవిరి వస్తే మనం కూర్చునే గదిలోకే వస్తుంది.

అందుకే పానా పట్టుకునే ముందు ముక్కుతో చూడాలి. రెండు తలుపులూ తీసి, గాలి ఆడనిచ్చి, అప్పుడు వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తుంటే ఇక ఏ కరెంటు పరీక్షా వద్దు. ముందు కారేది ఎక్కడో చూసి ఆపాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కిందికి దిగి నేలమీద పరుచుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగల ఆవిరి అది. అమెరికాలో చాలా ఇళ్ళ గరాజుల్లో గ్యాసుతో నడిచే నీళ్ళ హీటరు ఉంటుంది, దాని అడుగున చిన్న మంట వెలుగుతూనే ఉంటుంది. అక్కడ ఉంటున్న మనవాళ్ళు ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. ఆ గరాజులో ట్యాంకు విప్పడం అంటే ప్రాణంతో చెలగాటం. బండిని ఆరుబయటికి తోయండి. పెట్రోలు మంటలను ఆర్పగల పొడి సిలిండరు చేతికందే దూరంలో పెట్టుకోండి.

ఇప్పుడు ముల్లు ఎందుకు కదులుతుందో చూద్దాం. ఇది తెలియకుండా పరీక్ష చేస్తే వచ్చిన జవాబు అర్థం కాదు. ఈ మీటరులో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి ముల్లును ఖాళీ వైపు, రెండోది నిండు వైపు లాగుతుంది. తాడాటలో అటూ ఇటూ ఇద్దరు లాగితే తాడు మధ్య గుర్తు ఎవరి బలం ఎక్కువైతే అటు జరిగినట్టు, ముల్లు ఈ రెండు లాగుళ్ళ తేడాను బట్టి నిలుస్తుంది. ట్యాంకులోని యూనిట్ చేసేదల్లా నిండు వైపు చుట్టకు ఎంత కరెంటు దక్కాలో తేల్చడం. ఫ్లోటు పెట్రోలు మీద తేలుతూ పైకీ కిందికీ వెళుతుంది. దాని చేతికి ఉన్న చిన్న రేకు ఒక తీగచుట్ట మీద జరుగుతుంది. ట్యాంకు ఖాళీగా ఉంటే కరెంటుకు తగిలే అడ్డు దాదాపు సున్నా ఓములు. నిండుగా ఉంటే 90 ఓముల దగ్గర.

ట్యాంకు ఖాళీ అయితే యూనిట్ గుండా కరెంటుకు సులువైన దారి దొరుకుతుంది, నిండు వైపు చుట్టకు ఏమీ మిగలదు, ముల్లు ఖాళీకి పడుతుంది. ట్యాంకు నిండితే ఆ దారి ఇరుకవుతుంది, కరెంటు నిండు వైపు చుట్టలోకి మళ్ళుతుంది. ఈ అమరికలో ఒక అందం ఉంది. బ్యాటరీ కొంచెం నీరసించినా రెండు లాగుళ్ళూ కలిసే తగ్గుతాయి కాబట్టి ముల్లు పెద్దగా చలించదు. ఇంకో సంగతి. దీనికి ముల్లును వెనక్కి లాగే స్ప్రింగు లేదు. తాళం తిప్పి కరెంటు ఆపేశాక ముల్లు ఎక్కడ ఆగినా దానికి అర్థం లేదు. ఆగి ఉన్న బండిలో ముల్లు చూసి కంగారు పడేవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు.

పై లెక్కలోంచి ముఖ్యమైన సంగతి ఒకటి తేలుతుంది. వైరు తెగినా, ఎర్తు పోయినా కరెంటుకు యూనిట్ దారి మూసుకుపోతుంది. అంటే ముల్లు నిండు దగ్గరికి, ఇంకా దాటి కూడా పోతుంది. ఈ బండిలో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే చెడు, ట్యాంకు నిండుగా ఉందని చెబుతుంది. ఖాళీ ట్యాంకుతో ఊరి బయట రోడ్డు మీద నిలబెట్టేది ఇదే. ఏదైనా కొలత మనకు నచ్చిన మాట చెబుతున్నప్పుడే దాన్ని పరీక్షించాలని నేను పదేపదే అంటాను. ముల్లు ఖాళీ చూపిస్తే అందరూ కంగారుగా బండి ఆపి చూస్తారు. నిండుగా చూపిస్తే ఎవరూ చూడరు.

మొదటి ప్రశ్న

టెక్సస్‌లో ఉండే మా మేనల్లుడు ఇలాంటి బండే కొని ఫోను చేశాడు.

"మామయ్యా, ఎంత నడిపినా మీటరు ఫుల్లు దగ్గరే ఉంటోంది. కొత్తది ఆర్డరు పెట్టేశాను."

"పెట్టావు సరే. ట్యాంకు దగ్గర వైరు ఊడదీసి చూశావుట్రా?"

"ఊడదీస్తే ఏం తెలుస్తుంది?"

"మీటరు బతికుందో లేదో తెలుస్తుంది. అది తెలియకుండా డబ్బెందుకు పంపావు?"

ఆ రోజు అతనికి చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ముందు ఫ్యూజు చూడండి. నిమిషం పని, ఖర్చు లేదు. ఫ్యూజు బాగుంటే తాళం ఆపి ఉంచి, సీటు ముందుకు జరిపి, ట్యాంకు యూనిట్ దగ్గరికి వచ్చే లేత గోధుమ రంగు వైరును ఊడదీయండి. దాని కొన దేనికీ తగలకుండా పక్కకు పెట్టండి. ఇప్పుడు వచ్చి తాళం తిప్పండి. ముల్లు నిండు వైపు పోవాలి. తాళం ఆపండి. ఒక తీగముక్కతో ఆ వైరు కొనను శుభ్రంగా గీకిన ఇనుప భాగానికి కలపండి. మళ్ళీ తాళం తిప్పండి. ముల్లు ఖాళీకి పడాలి. కలపడం, విడదీయడం రెండూ తాళం ఆపి ఉన్నప్పుడే. అలా చేస్తే ట్యాంకు దగ్గర నిప్పురవ్వకు చోటే ఉండదు.

ముల్లు ఈ రెండు మాటలూ వింటే మీటరూ బాగుంది, వైరూ బాగుంది. సగం బండి మీద అనుమానం తీరిపోయింది, పైసా ఖర్చు కాలేదు. తప్పు ట్యాంకు వైపే ఉంది. ఇనుముకు కలిపినా ముల్లు నిండులోనే ఉంటే వైరు మధ్యలో ఎక్కడో తెగింది, లేదా మీటరు దగ్గరే పట్టు వదిలింది. ఊడదీసినా ముల్లు ఖాళీలోనే ఉంటే రెండు దారులున్నాయి. వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది, లేదా మీటరుకు కరెంటే రావడం లేదు. అది తేల్చడానికి మీటరు వెనక ఆ వైరును విడదీసి చూస్తే చాలు. అప్పుడు ముల్లు లేస్తే తప్పు వైరుది, లేవకపోతే మీటరుది లేదా దానికి వచ్చే కరెంటుది.

మంచి ప్రశ్న అంటే నా దృష్టిలో ఇదీ. జవాబు ఏదైనా సరే, ఉన్న అనుమానాల్లో సగం కొట్టేయగలగాలి. "బండికేమైంది" అనేది ప్రశ్న కాదు, బెంగ. "వైరు తీస్తే ముల్లు లేస్తుందా" అనేది ప్రశ్న. పిల్లవాడికి లెక్కలు రావడం లేదు అనుకుంటూ కూర్చునే బదులు, అదే లెక్కను మాటల్లో కాకుండా అంకెల్లో రాసి ఇస్తే చేస్తాడా అని చూడండి. చేస్తే లోపం లెక్కల్లో లేదు, చదివి అర్థం చేసుకోవడంలో ఉంది. ట్యూషను మాస్టారిని మార్చే ముందు ఈ పదినిమిషాల పని ఎంత ఆదా చేస్తుందో ఆలోచించండి.

ఎవరూ లెక్కపెట్టని నాలుగోది

తప్పు ట్యాంకు వైపు ఉందని తేలింది కదా అని వెంటనే యూనిట్ విప్పకండి. విప్పడం కష్టం, ప్రమాదం కూడా. సులువైనదీ, ఖర్చులేనిదీ, ప్రమాదం తక్కువదీ ముందు చూడాలి. అంటే ఎర్తు.

మీటరు నుంచి వచ్చిన కరెంటు యూనిట్ గుండా వెళ్ళి బండి ఇనుములోకి చేరి, అక్కడి నుంచి బ్యాటరీకి తిరిగిరావాలి. ట్యాంకుకూ క్యాబిన్‌కూ మధ్య రబ్బరో, రంగో, తుప్పో ఉంటుంది. కాబట్టి యూనిట్ నుంచి ఒక చిన్న ఎర్తు వైరు బాడీకి వస్తుంది. యాభై ఏళ్ళు దాటిన బండిలో ఆ స్క్రూ కింద తుప్పు పట్టకుండా ఉంటే ఆశ్చర్యపడాలి. బండికి కొత్తగా రంగు వేయించినవాళ్ళకు ఇంకో చిక్కు. ఎర్తు స్క్రూ బిగించే చోట కూడా పెయింటర్ శ్రద్ధగా రంగు కొట్టేస్తాడు. చూడ్డానికి అంతా కొత్తగా మెరుస్తుంటుంది, కరెంటు మాత్రం దాటదు.

దీనికి పరీక్ష చాలా తేలిక. ఊడదీసిన వైరు మళ్ళీ యూనిట్‌కు తగిలించండి. తాళం ఆపి, ఒక తీగముక్క ఒక కొనను యూనిట్ అంచు ఇనుముకూ, రెండో కొనను క్యాబిన్‌లో గీకి మెరిపించిన చోటకూ కలపండి. తాళం తిప్పండి. ముల్లు సరైన చోటికి దిగివస్తే మీ పని అయిపోయింది. పాత స్క్రూ తీసి, ఉప్పుకాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు టెర్మినల్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. మా మేనల్లుడి బండిలో తేలింది ఇదే. ఆర్డరు పెట్టిన మీటరు పెట్టె విప్పకుండానే వెనక్కి వెళ్ళింది.

ఎర్తును నేను ఇంతగా ఎందుకు పట్టుకున్నానంటే, మనం ఏ సమస్యలోనైనా కనిపించే భాగాలనే లెక్కపెడతాం. మీటరు కనిపిస్తుంది, ట్యాంకు కనిపిస్తుంది. తిరిగివచ్చే దారి కనిపించదు. ఆఫీసులో చెప్పిన పని జరగడం లేదంటే చెప్పినవాణ్ణీ చేసేవాణ్ణీ తప్పుపడతాం గాని, చేసేవాడికి ఎదురైన ఇబ్బంది పైకి తిరిగివచ్చే దారి ఉందా అని అడగం. ఆ దారి మూసుకుపోయినప్పుడు పై అధికారి మీటరు కూడా ఎప్పుడూ నిండుగానే చూపిస్తుంది.

ట్యాంకు విప్పాల్సివస్తే

ఎర్తు బాగుండి కూడా ముల్లు మాట వినకపోతే మల్టీమీటరు తీయండి. యూనిట్ నుంచి వైరు పూర్తిగా ఊడదీసి, దాని టెర్మినల్‌కూ అంచుకూ మధ్య ఓములు కొలవండి. సగం ట్యాంకుకు 45 దరిదాపుల్లో రావాలి. ఏమీ రాకపోతే లోపల తీగ తెగింది. ట్యాంకులో చాలా పెట్రోలు ఉందని తెలిసి కూడా సున్నా వస్తుంటే ఫ్లోటు మునిగిపోయి ఉండాలి, లేదా చెయ్యి ఇరుక్కుని ఉండాలి.

విప్పే ముందు బ్యాటరీ రెండు వైర్లూ తీసేయాలి. ట్యాంకులో పెట్రోలును, దానికోసమే చేసిన డబ్బాలోకి తోడుకోవాలి. యూనిట్‌ను పట్టుకునే లాక్ రింగును తిప్పడానికి ఉక్కు స్క్రూడ్రైవరు, సుత్తి వాడవద్దు, ఇత్తడి కడ్డీ గాని గట్టి చెక్కముక్క గాని వాడండి. ఒక్క రవ్వ చాలు. ఇక్కడ తొందర పనికిరాదు. నైలాను చొక్కాలు వద్దు, వాటి రాపిడికీ రవ్వ పుడుతుంది. ఈ పని మీద నమ్మకం కుదరకపోతే మెకానిక్కుకు అప్పగించండి. అప్పటిదాకా చేసిన పరీక్షలు వృథా కావు. "యూనిట్ చెడింది, మీటరూ వైరూ ఎర్తూ బాగున్నాయి" అని చెప్పగల యజమానికి ఏ షెడ్డులోనూ అనవసరమైన బిల్లు రాదు.

బయటికి తీసిన యూనిట్‌ను ట్యాంకుకు దూరంగా, గాలి ఆడే చోట పెట్టుకుని మల్టీమీటరు తగిలించి, ఫ్లోటు చేతిని అడుగు నుంచి పైదాకా చాలా మెల్లగా కదపండి. ఓములు సాఫీగా పెరగాలి. మధ్యలో ఎక్కడైనా అంకె ఎగిరిపడితే అక్కడ తీగ అరిగింది. చాలామంది ఎప్పుడూ సగానికీ పావుకూ మధ్యే బండి నడుపుతారు. రేకు ఆ కాస్త మేరలోనే లక్షలసార్లు అటూ ఇటూ ఊగుతుంది, అక్కడే అరుగుతుంది. అందుకే కొన్ని బండ్లలో ముల్లు నిండు నుంచి చక్కగా దిగివచ్చి ఒకచోట ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది.

ఇంకా పాత బండ్లలో ఫ్లోటు బెండుతో చేసేవారు. పైన పూత పోయాక బెండు పెట్రోలు తాగి బరువెక్కుతుంది. ఇత్తడి ఫ్లోటు అయితే చెవి దగ్గర ఊపి చూడండి. లోపల చప్పుడైతే చిల్లు పడింది. దానికి టంకం పెట్టే ఆలోచన మానుకోండి. లోపల చిక్కుకున్న ఆవిరితో అది పేలవచ్చు. ఫ్లోటు విడిగా అమ్ముతారు, ధర కొద్దిపాటిదే. అమెరికాలో బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో యూనిట్ తుప్పు పట్టడానికి ఇదో కారణం. తిరిగి బిగించేటప్పుడు పాత రబ్బరు ప్యాకింగు వాడకండి. అది కారితే క్యాబిన్‌లోకే కారుతుంది.

కొత్త యూనిట్ కొనాల్సి వస్తే అది మీ మీటరు భాష మాట్లాడుతుందో లేదో ముందు చూడండి. 1960ల నడిమి దాకా జనరల్ మోటార్స్ బండ్లలో సున్నా నుంచి 30 ఓముల యూనిట్లు వచ్చేవి. ఆ యూనిట్‌ను 90 ఓముల మీటరుకు తగిలిస్తే ట్యాంకు నిండినా ముల్లు సగం దాటదు. బజారులో విడిగా అమ్మే మీటర్లలో ఎన్నో ఖాళీకి 240, నిండుకు 33 ఓములు కోరేవి. వాటిలో లెక్కే తలకిందులు. రెండు కొత్త భాగాలూ బాగానే ఉండి, కలిపితే మాత్రం తప్పు చెప్పడం ఇలాగే జరుగుతుంది. ఎవరి తప్పూ లేని ఇలాంటి చోట తప్పు వెతుక్కుంటూ రోజులు పోగొట్టుకున్నవాళ్ళు బండ్ల షెడ్లలోనే కాదు, కాపురాల్లోనూ ఉన్నారు.

తప్పు మీటరు వైపే అని తేలితే డాష్‌బోర్డు విప్పాలి. సి10లో మీటర్ల వెనక పల్చటి ప్లాస్టిక్ పొరమీద రాగి గీతలతో చేసిన సర్క్యూటు ఉంటుంది. దాన్ని మీటరు బోల్టుల నట్లే నొక్కి పట్టుకుంటాయి. చాలాసార్లు నట్టు వదులై ఉంటుంది, లేదా రాగి నల్లబడి ఉంటుంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, నట్లు పట్టుకునేంతే బిగించండి, ఎక్కువ బిగిస్తే పొర చినుగుతుంది. మీటరు బాగుందో లేదో తేల్చడానికి రెసిస్టర్లు కొని తెచ్చుకోండి. యూనిట్ బదులు 47 ఓములది పెడితే ముల్లు సగం దగ్గర, 91 ఓములది పెడితే నిండు దగ్గర నిలవాలి.

మీ బండి అదే కాలపు ఫోర్డ్ ఎఫ్-100 అయితే పై మాటలు కొన్ని తిరగేసి చదువుకోవాలి. అందులో ఖాళీకి 73 ఓములు, నిండుకు 10 ఓములు. వైరు ఊడదీస్తే ముల్లు ఖాళీకి పడుతుంది. ఎర్తు పోయినా ఖాళీయే చూపిస్తుంది. ఆ మీటరు వేడితో వంగే లోహపు పట్టీతో పనిచేస్తుంది కాబట్టి వైరును నేరుగా ఇనుముకు కలిపి ఎక్కువసేపు ఉంచితే కాలిపోవచ్చు, మధ్యలో 10 ఓముల రెసిస్టర్ పెట్టడం మేలు. ఆ బండిలో పెట్రోలు మీటరుతో పాటు ఇంజను వేడి చూపే మీటరు కూడా ఒకేసారి తప్పు చెబుతుంటే రెండిటినీ అనుమానించకండి. వాటికి కరెంటు పంచే చిన్న వోల్టేజి రెగ్యులేటరు ఒకటి వెనక ఉంటుంది, ముందు దాన్ని చూడండి. ఒకేరోజు రెండు చెడాయంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో వెతకడం ఏ పనిలోనైనా మొదట చేయాల్సింది.

బాగైన ముల్లును కూడా ఊరికే నమ్మకండి. సి10 ట్యాంకులో సుమారు 75 నుంచి 80 లీటర్లు పడుతుంది. ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు బండిలో పెట్రోలు డబ్బా ఒకటి తోడు పెట్టుకుని బంకుకు వెళ్ళండి. బండి చదునైన నేలమీద ఉండాలి. ఐదు గాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు పోసి, తాళం తిప్పి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. మళ్ళీ ఐదు. నిండేదాకా ఇలాగే. పావు అని చూపే చోట నిజంగా పావే ఉందా, ఖాళీ గీత దగ్గర ఇంకా ఎన్ని లీటర్లు మిగిలి ఉంటుంది అనేది అప్పుడు తెలుస్తుంది. చాలా పాత బండ్లలో ఈ లెక్క సరిగ్గా కుదరదు. కుదరనక్కర్లేదు, తేడా ఎంతో తెలిస్తే చాలు. ఏ వైరు ఏ రంగు, ఎర్తు ఎక్కడ కొత్తగా వేశారు, యూనిట్ ఎన్ని ఓములది అనేవి కూడా ఆ కాగితం మీదే రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. బండి ఎవరికైనా అమ్మితే తాళంతో పాటు దాన్నీ ఇవ్వండి.